మట్టిని పరీక్షించే చేతికి శిక్షణ ఏదీ?

కొలత అంటే ఏమిటో కూలీ సోదరులకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఆనాటి నుంచి గుంత తవ్వినవాడి కూలి టేపు పట్టినవాడి చేతిలో ఉండేది. గరుసు నేలలో గడ్డపార దిగక చేతులు బొబ్బలెక్కినా సరే, పుస్తకంలో రాసిన అంకె తక్కువైతే కూలీ తక్కువే. "తవ్వింది మేము, కొలిచేది మీరా?" అని మనం కొట్లాడినాం. అదే కొట్లాట చేనిలోని మట్టి దగ్గర కూడా రావాల. ఎందుకో రావడం లేదు.

మట్టి పరీక్ష మాటెత్తితే పాలకులకు ముందు గుర్తొచ్చేవి రిబ్బనూ కత్తెరా. 2015 ఫిబ్రవరి 19న ప్రధానమంత్రి రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో భూసార కార్డుల పథకం ప్రారంభించారు. 2021 జులై 8న అప్పటి ముఖ్యమంత్రి మన రాయదుర్గం వచ్చి అగ్రి ల్యాబు తెరిచారు. నియోజకవర్గానికి ఒకటి చొప్పున 147 పెడతామన్నారు. మంచిదే. నకిలీ విత్తనానికి, కల్తీ ఎరువుకు బలైన రైతుకు పరీక్షా కేంద్రం దగ్గరికొస్తే ఎవరు కాదంటారు? కానీ భవనం పరీక్ష చెయ్యదు. యంత్రమూ దానంతటది చెయ్యదు. బల్ల ముందు నిలబడే ల్యాబ్ అసిస్టెంటు చెయ్యాల. ఆ మనిషికి ఎవరు నేర్పినారు? ఎన్నాళ్లు నేర్పినారు? ఎంత జీతమిస్తున్నారు? అతని పని ఒప్పో తప్పో ఎవరు చూస్తున్నారు? ఈ ప్రశ్నలు ఏ ప్రారంభోత్సవ సభలోనూ వినపడవు.

తప్పు చేనులోనే మొదలవుతుంది. పైన గడ్డీ గాదం తీసేసి, చేనంతా వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తియ్యాల. గెనాల పక్కన, చెట్టు కింద, పెంట కుప్ప పోసిన చోట తియ్యకూడదు. శుభ్రమైన పట్ట మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేసి, అట్లా చేస్తూ చివరికి అరకిలో మిగల్చాల. నీడలో ఆరబెట్టాల. యూరియా సంచిలో మోసుకొస్తే ఆ మట్టి ఇంక పరీక్షకు పనికిరాదు. ఇదేమీ దొరల విద్య కాదు. కళ్లంలో కాయలు తూర్పారబట్టి ఒబ్బిడి చేసే మన కూలీ ఆడవాళ్లకు ఒక పూటలో పట్టుబడుతుంది. కానీ రోజుకిన్ని నమూనాలని టార్గెట్టు పెట్టి ఒంటరి ఉద్యోగిని తరిమితే, అతను రోడ్డు పక్క చేనులో నాలుగు గుంతలు గీకి పది పేర్లు రాసుకునిపోతాడు. ఆ ఉద్యోగిని తిట్టి లాభం లేదు, టార్గెట్టు పెట్టినవాణ్ణి అడగాల.

ఇంకో అన్యాయం చూడండి. ఆ కార్డుల పథకంలో నీటి పారుదల భూమికి రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, వర్షాధార భూమికి 10 హెక్టార్లకు ఒక నమూనా అని లెక్క పెట్టినారు. 10 హెక్టార్లంటే 25 ఎకరాలు! మన ఎర్ర నేలల్లో గుట్ట కింద గరుసు, వంక పక్కన ఒండ్రు, మధ్యలో చౌడు. అయిదారుగురు రైతుల చేలు అందులో కలిసిపోతాయి. అందరికీ ఒకే అంకె! నీళ్లున్నవాడికి ఒక న్యాయం, వాననే నమ్ముకున్న అనంతపురం రైతుకు ఇంకో న్యాయమా?

ల్యాబులో పని ఇంకా సున్నితం. మట్టిని దంచి రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టాల. మట్టిలో పులుపెంత, క్షారమెంత అని చెప్పే పీహెచ్ మీటరును, విలువ ముందే తెలిసిన ద్రావణాల్లో ముంచి సరిచూసుకోవాల. ఆ మీటరులో ఒక్క అంకె తేడా అంటే పదింతల తేడా. సరిచూడని మీటరు మంచి నేలను చౌడని రాసేస్తుంది. భాస్వరం పరీక్షలో ద్రావణం నీలంగా మారుతుంది, ఆ నీలం ఎంత చిక్కనో యంత్రం కొలుస్తుంది. కొన్ని సబ్బుపొడుల్లో భాస్వరం ఉంటుంది. వాటితో కడిగి సరిగా తొలవని గాజు గొట్టంలో నీలం చిక్కబడుతుంది. అప్పుడు భాస్వరం లేని చేనుకు "చాలినంత ఉంది" అని కార్డు వస్తుంది. తప్పు ఇటువైపు కాక అటువైపు జరిగితే, లేని లోటుకు రైతు 1350 రూపాయల డీఏపీ బస్తా అప్పు మీద తెచ్చి చల్లుతాడు. గొట్టం కడగడం నేర్పని సర్కారు ఆ వడ్డీ కడుతుందా?

ఇవన్నీ చదువురాని రైతుకు, కూలీకి పట్టవని వాదించే పెద్దమనుషులున్నారు. వాళ్లకు మన జిల్లాలోనే జవాబుంది. 2003 తర్వాత రైతుల భూగర్భజల యాజమాన్య పథకం ఒకటి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులు, ఆడవాళ్లతో సహా, వానమాపకం చదివినారు. బోరులో నీళ్లెంత లోతున ఉన్నాయో కొలిచినారు. డ్రమ్ము పెట్టి, అది ఎన్ని క్షణాల్లో నిండుతుందో చూసి బోరు ధార లెక్కగట్టినారు. అంకెలను ఊరిలో గోడమీద రాసినారు. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల నీళ్లని లెక్క తెలిసినవాడు, రబీకి ముందు కూర్చుని ఏ పంటకు నీళ్లు చాలుతాయో తానే తేల్చుకున్నాడు. చాలామంది వరి తగ్గించుకున్నారు కూడా. ప్రాజెక్టు ముగిసి డబ్బు ఆగాక చాలాచోట్ల కొలతలూ ఆగిపోయినాయి. జనానికి చేతకాక ఆగలేదు. కొలిచేవాడికి కూలి ఇచ్చే దిక్కు లేక ఆగింది.

తాగునీళ్ల సంగతీ ఇంతే. మన బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని ప్రమాణం. జల్ జీవన్ మిషన్ ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు కిట్టుతో పరీక్ష నేర్పాలంది. కిట్టులో రంగును పట్టీ రంగుతో పోల్చి చూసే ఆ పరీక్షకు కూలి మానుకుని రావాల. రోజుకూలి పోగొట్టుకుని ఎన్ని నెలలు చేస్తుందమ్మా? ఒకసారి నేర్పి వదిలేస్తే ఆ రంగుకూ ఈ రంగుకూ తేడా మరిచిపోదా?

మన కోరికలు పెద్దవి కావు. రేకులకుంట, కదిరి పరిశోధనా స్థానాలున్నాయి, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పదో తరగతి, ఇంటర్ చదివి బెంగళూరు బస్సెక్కుతున్న కూలీల బిడ్డల్ని, అందులో ఆడపిల్లల్ని, అక్కడ ఆరు నెలలు భత్యమిచ్చి నేర్పించండి. ఆ తర్వాత కాంట్రాక్టు కాదు, సక్రమమైన ఉద్యోగమివ్వండి. విలువ ముందే తెలిసిన మట్టిని, సంగతి చెప్పకుండా, నెలనెలా వాళ్ల నమూనాల్లో కలిపి పంపండి. ఎవరి చెయ్యి తప్పుతోందో బయటపడుతుంది, మళ్లీ నేర్పండి, ఉద్యోగం తీసెయ్యకండి. కార్డును పట్టాదారు ఇంట్లో పడేసి పోకుండా, చేను సాగు చేసే కౌలుదారు చేతికివ్వండి, రచ్చబండ దగ్గర చదివి వినిపించండి.

2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేసినారు. కదిరి అటు పోయింది, రాయదుర్గం ఇటు మిగిలింది. నేల రెండు చోట్లా ఒకటే. ఈ ముంగారుకు ముందే రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్తలు తమ మండలం ల్యాబుకు వెళ్లి, పీహెచ్ మీటరును చివరిసారి ఎప్పుడు సరిచూసినారో పుస్తకం తీసి చూపించమని అడగండి.