వేసవి పరీక్షలు - విద్యార్థుల క్షేమము

2024 మే 7వ తేదీని తెలంగాణమున ఇంజనీరింగు, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ప్రవేశపరీక్షలు ప్రారంభమైనవి. అంతకుముందు వారమున ఆ రాష్ట్రమున పలుచోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటినది. పరీక్షలారంభించిన నాటి సాయంకాలముననే హైదరాబాదునందు గాలివాన చెలరేగెను; బాచుపల్లిలో గోడకూలి కూలికుటుంబములవారు ఏడుగురు దుర్మరణము పాలైరి.

ఇది ఆ యొక్క సంవత్సరపు విపరీతము గాదు. మధ్యాహ్నపు టెండకు నేల కాగి, వేడెక్కిన తేమగాలి పైకెగసి, సాయంకాలమునకు కారుమేఘమై యురుముట వేసవిలో సహజము. వడగాడ్పును పిడుగును ఒక్క యెండ బిడ్డలే. అట్టియెడ రెండవపూట పరీక్షను 3 గంటలకు మొదలిడి 6 గంటలకు ముగించిరి. పోవునపుడు ఎండయు, వచ్చునపుడు పిడుగును తప్పకుండునట్లు ఎవరో లెక్కగట్టి యేర్పరచినట్లున్నది! నిమిషము ఆలస్యమైన లోనికి రానీయరను భయమున బిడ్డలు మిట్టమధ్యాహ్నమే గేటు కడకు చేరుదురు.

అభ్యర్థులు మూడు లక్షలకు మించియుండగా రెండుపూటలును జరుపక తప్పదని యధికారులందురు. ఆ యిబ్బందిని మేము కాదనము. కాని గేటు వెలుపల చెట్టుక్రింద నిలిచిన తలిదండ్రుల మాట యేమి? ఉరుము వినవచ్చినదన్న పిడుగు పడగల దూరములో మనమున్నామన్నమాట. అప్పుడు చెట్టునీడ గాని, గోడలు లేని రేకులపాక గాని రక్షణ గాదు. పక్కా కట్టడము లోనికో, తలుపులు మూసిన కారులోనికో పోయి, కడపటి యురుము తరువాత అరగంట వరకు వెలికి రాకుండవలెను. చెట్టుక్రింద చేరిన జీవాలు ఒక్క పిడుగుకు మందగా కూలుట మన పల్లెలెరిగినదే.

వడదెబ్బయు ఉపేక్షింపదగినది కాదు. 2015 మే నెలలో తెలుగు రాష్ట్రములు రెండింటను వేయిమందికి పైగా దానికి బలియైరి. మాట తడబడి, ఒడలు కాలిపోవుచున్న వానిని నీడకు చేర్చి, చన్నీటితో తడిపి విసరుచు 108కి ఫోను చేయవలెను; స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. ఈపాటి తెలిసిన మనిషి యొకడు ప్రతి కేంద్రమునను ఉండుట గొప్ప వ్యయము గాదు.

మా పాఠకులలో కళాశాలల పాలకవర్గముల వారనేకులు గలరు. సెలవులలో తరగతిగదులు తాళములు పడియుండును. పరీక్షాగదులకు దూరముగానున్న రెండు గదులను తలిదండ్రులకు విడిచి, త్రాగునీరుంచుటకు ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కరలేదు. ఇక ప్రభుత్వము చేయవలసినవి రెండు. మొదటిది, ఎండ ముదరకమున్నే విద్యార్థులను లోపలికి రానిచ్చుట. రెండవది, సాయంకాలము ఉరుములు వినబడుచున్నంతసేపు, పరీక్ష ముగిసినదని వారిని వెలుపలికి తరుమకుండుట. రాబోవు పరీక్షల ప్రకటనలో వేళలతోపాటు ఈ రెండు నియమములును అచ్చుపడవలెనని మేము కోరుచున్నాము.