ముందు గది, ఆ తర్వాతే ప్రొజెక్టర్

గ్రామ సచివాలయంలోనో మండల పరిషత్ సమావేశ మందిరంలోనో ప్రొజెక్టర్ పెడదామన్న మాట వచ్చిందంటే చర్చ యంత్రం ధర దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఏ కంపెనీది, ఎన్ని ల్యుమెన్లు, ఎంతకు వస్తుంది అని అడుగుతారు. ఏ గదిలో పెడతారు, ఆ గదిలోకి వెలుతురు ఎటునుంచి పడుతుంది, ఎంతమంది కూర్చుంటారు, వాళ్లకు ఏం చూపిస్తారు అన్న ప్రశ్నలు మాత్రం ఎవరికీ తట్టవు. రాజమండ్రి దగ్గరి కోరుకొండ లాంటి మండల కేంద్రంలో ప్రొజెక్టర్ చేయగల గొప్ప పని ఒకటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఊరి భూముల పటాన్నీ, ఊళ్లో జరిగిన పనుల లెక్కనూ పదిమంది ఒకేసారి చూసి, తప్పుంటే అక్కడికక్కడే చెప్పేలా చేయడం ఆ పని. దానికి కావలసిన మొదటి సామగ్రి చీకటి చేయడానికి వీలున్న గది. యంత్రం ఆ తర్వాత వస్తుంది.

భూముల సంగతే చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే 2020 డిసెంబరులో మొదలైంది. డ్రోన్లతో ఫొటోలు తీశారు, రోవర్లతో కొలిచారు, బ్రిటిష్ కాలపు కొలతల స్థానంలో కొత్త పటాలు తయారుచేశారు. విస్తీర్ణం తగ్గిందనీ, హద్దు జరిగిందనీ, ఉమ్మడి నంబరు పడిందనీ ఊరూరా ఫిర్యాదులు వచ్చాయి. 2024 డిసెంబరులో మొదలైన రెవెన్యూ సదస్సుల్లో అలాంటి అర్జీలు పెద్ద ఎత్తున అందాయి. ఈ తప్పుల్లో చాలా వాటిని పట్టుకోగలిగినవాడు పక్క చేను రైతు. గట్టు ఎక్కడ తిరుగుతుందో, బోదె ఎవరి చేలోంచి పోతుందో, పుంత వెడల్పు ఎంత ఉండేదో అతనికి తెలిసినట్టు సర్వేయరుకు తెలియదు. కానీ మనం పటాన్ని ఎలా చూపిస్తున్నాం? ఎవరి కాగితం వారి చేతికిస్తాం, లేదంటే సచివాలయంలో కంప్యూటరు ముందు ఒక్కొక్కరినీ నిలబెట్టి చూపిస్తాం. ఇద్దరి మధ్య ఉన్న హద్దును ఒక్కడికే చూపిస్తే అతను తన వైపు సంగతే చెబుతాడు. రెండోవాడు మరో రోజు వచ్చి తన వైపు సంగతి చెబుతాడు. ఆ రెండు మాటలూ ఒకే చోట కలిసేసరికి వ్యవహారం కోర్టు దాకా పోయి ఉంటుంది.

అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి కదా, పటం వాట్సాప్‌లో పంపితే చాలదా అనేవారున్నారు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. సుమారు 27 ఎకరాల చేలను, అంటే 440 మీటర్ల పొడవు, 250 మీటర్ల వెడల్పు ఉన్న ముక్కను, నూరు అంగుళాల తెర మీద వేశామనుకుందాం. ఆ తెర వెడల్పు 221 సెంటీమీటర్లు. దాని మీద మూడు మీటర్ల పుంత ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన కనిపిస్తుంది. ఎకరం చెక్క ఒక్కో వైపు 32 సెంటీమీటర్లు వస్తుంది. వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అని చూపించవచ్చు. అదే ముక్కను అడ్డంగా పట్టుకున్న ఫోనులో చూస్తే పుంత ఒక మిల్లీమీటరు. వేళ్లతో పెద్దది చేసుకోవచ్చు, నిజమే. పెద్దది చేయగానే చుట్టుపక్కల చేలు తెర దాటిపోతాయి, హద్దు అర్థం కావాలంటే కావలసినవి ఆ పక్క చేలే. పైగా ఎవరి ఫోనులో వారు చూస్తున్నప్పుడు ఒకరు చూస్తున్న చోటు మరొకరికి తెలియదు. తగువు తీరాలంటే రెండు వైపులవారి చూపూ ఒకే గీత మీద ఉండాలి.

ఊరి పనుల లెక్కల విషయంలో మన రాష్ట్రానికి మంచి అనుభవమే ఉంది. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి ఇక్కడ సామాజిక తనిఖీలు జరిగాయి. గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి సేకరించిన వివరాలను మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివి వినిపించే పద్ధతి ఏర్పడింది. దానికి ముందు, 1994 చివర్లో, రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఊరి మధ్య కూలీల హాజరు పట్టీలను, అంటే మస్టర్ రోల్స్‌ను, చదివించింది. చనిపోయినవారి పేర్లు, ఊళ్లో లేనివారి పేర్లు చదివేసరికి జనం లేచి అది అబద్ధమని చెప్పారు. పేర్లు, కూలి మొత్తాలు చదివి వినిపిస్తే చాలు, చెవికి అందుతాయి. చెరువు పూడిక ఎంత మేర తీశారు, మట్టి రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడికి వేశారు అన్నవి మాత్రం విని తేల్చుకునేవి కావు. కొలతల పుస్తకంలోని పేజీని, పని ముందూ తర్వాతా తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి గోడంత పెద్దవిగా చూపిస్తే, ఆ దారిన రోజూ నడిచే మనిషి ఒక్క చూపులో తేడా చెప్పేస్తాడు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. అంతమందిని ఒక చోట చేర్చగలిగిన వ్యవస్థ, వాళ్లకు కనబడేలా చూపించడం కూడా నేర్చుకోవాలి.

పదిమంది కలిసి చూస్తే ఏమవుతుందో వ్యవసాయంలో ఇప్పటికే తేలింది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో 2006లో మొదలైన డిజిటల్ గ్రీన్ ప్రయోగంలో రైతుల చేతే పాఠం చెప్పించి, వీడియో తీసి, పక్క రైతులకు చూపించారు. 16 గ్రామాల్లో 13 నెలలు నడిపి చూస్తే, మామూలు వ్యవసాయ విస్తరణ పద్ధతితో పోల్చినప్పుడు కొత్త పద్ధతులను అనుసరించినవారు ఏడు రెట్లు ఎక్కువగా తేలారు. ఆ తొలి ప్రయోగంలో వాడినవి మామూలు టీవీ, డీవీడీ ప్లేయర్. బ్యాటరీతో నడిచే చిన్న పికో ప్రొజెక్టర్లు ఆ తర్వాత వచ్చాయి, వాటితోనే ఆ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల దాకా చేరింది. ఫలితం తెచ్చింది బొమ్మ ఒక్కటే కాదు. వీడియోను మధ్యలో ఆపి, ఇప్పుడు చూసింది మీ చేలో కుదురుతుందా అని అడిగే ఊరి మనిషి ఒకరు అక్కడ ఉండేవారు. ఆ మనిషి లేకుండా వీడియో వేసి వదిలేస్తే అది ప్రచారం అవుతుందే తప్ప చర్చ కాదు.

ఇక గది దగ్గరికి వస్తాను, ఎందుకంటే ప్రొజెక్టర్లు మూలపడేది ఇక్కడే. ప్రొజెక్టర్ వెలుతురును మాత్రమే వేయగలదు, నలుపును వేయలేదు. తెర మీద మనకు నల్లగా కనిపించేది గదిలో మిగిలి ఉన్న చీకటే. నూరు అంగుళాల తెర వైశాల్యం దాదాపు 2.76 చదరపు మీటర్లు. మూడు వేల ల్యుమెన్ల యంత్రం ఆ తెర మీద సుమారు 1,090 లక్సుల (అంటే చదరపు మీటరుకు అన్ని ల్యుమెన్ల) వెలుతురు వేస్తుంది. కిటికీలు తెరిచి ఉన్న గదిలో గోడ మీద 300 లక్సులు ఉంటే, తెర మీద తెలుపుకూ నలుపుకూ తేడా నాలుగున్నర రెట్లే. తలుపులు వేసి, మందపాటి పరదాలు లాగి దాన్ని పది లక్సులకు తగ్గిస్తే అదే యంత్రం నూట పది రెట్ల తేడా చూపిస్తుంది. అయిదు వందల ల్యుమెన్ల చవక యంత్రం కూడా ఆ చీకటి గదిలో పంతొమ్మిది రెట్లు చూపిస్తుంది. అంటే మంచి పరదాలున్న గదిలోని చిన్న యంత్రం, పరదాలు లేని గదిలోని పెద్ద యంత్రాన్ని నాలుగు రెట్లు మించిపోతుంది. వేపచెట్టు నీడలో పెట్టిన సభలో అయితే చెట్టు కిందే వేల లక్సులు ఉంటాయి. అక్కడ మూడు వేల ల్యుమెన్లు వేసినా తెల్ల గుడ్డ తెల్లగానే ఉంటుంది. కోరుకొండ గుడిలో స్వామివారి కల్యాణానికి జనం పోటెత్తే రోజుల్లాంటి సందర్భాలకు ఎల్‌ఈడీ తెరలు వేరు, వాటి లెక్క వేరు. ఇక్కడ చెబుతున్నది ఏడాది పొడవునా ఊరికి పనికొచ్చే గది గురించి.

పాత సినిమావాళ్లకు ఇది బాగా తెలుసు. నిడమర్తి సూరయ్య 1936లో రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో నెలకొల్పిన రోజుల్లోనూ, ఆ తర్వాత చాలాకాలమూ, గోదావరి పల్లెలకు బొమ్మను తీసుకొచ్చింది డేరా టాకీసులే. పొద్దుగూకే దాకా ఆట మొదలయ్యేది కాదు. పక్కా హాలు కట్టినా మొదట చూసుకున్నది వెలుతురు చొరబడని తలుపులనే. యంత్రం దగ్గర ఆపరేటర్ అని ఒక మనిషి ఉండేవాడు, బొమ్మ ఆగితే జవాబు చెప్పవలసింది అతనే. మన కార్యాలయాల్లో యంత్రం ఉంటుంది, ఆ పేరున మనిషి ఉండడు. రిమోట్ ఒకరి బీరువాలో, వైరు మరొకరి సొరుగులో, తాళం సెలవులో ఉన్న ఉద్యోగి దగ్గర ఉంటాయి. ప్రొజెక్టర్‌కు దుమ్ము పట్టిపోతుందన్న అభ్యంతరానికి నా జవాబు ఇదే. ఒక మనిషి పేరు రిజిస్టరులో రాయండి, వారానికొకసారైనా వాడండి, ఫిల్టరు తుడవండి. వాడని యంత్రానికే దుమ్ము, బూజు ఎక్కువ. గోదావరి గాలిలోని తేమకు లెన్సు మీద బూజు పట్టడానికి ఒక్క వానకాలం చాలు.

అమరిక పెద్ద విద్యేమీ కాదు. గోడకు లప్పం పెట్టి, మెరుపు లేని తెల్ల రంగు వేస్తే తెర కొననక్కర్లేదు. మామూలు యంత్రానికి తెర వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరం కావాలి, అంటే నూరు అంగుళాలకు సుమారు మూడు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు. యంత్రాన్ని పక్కకు పెట్టి కీస్టోన్ అనే సర్దుబాటుతో బొమ్మను సరిచేస్తే అక్షరాల అంచులు చెదురుతాయి, కాబట్టి తిన్నగా ఎదురుగా బిగించడమే మేలు. వెనక కూర్చున్నవాళ్లు తెర ఎత్తుకు ఆరు రెట్లకు మించిన దూరంలో ఉండకూడదు, ఈ లెక్కన ఏడున్నర మీటర్లు. చాపలు పరిస్తే ఆ హద్దులో అరవై మంది సులువుగా పడతారు. కింద కూర్చునే సభల్లో ముందువారి తలలు అడ్డం రాకుండా బొమ్మ కింది అంచు నేలకు మీటరు పైన ఉండాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి తెర మీద ఏడెనిమిది వరుసలకు మించి పెట్టకూడదు. మన సర్క్యులర్లను ఉన్నవి ఉన్నట్టు గోడ మీద వేస్తే ముందు వరసవాళ్లూ చదవలేరు. యంత్రంలోని చిన్న స్పీకరు గదికి చాలదు, వేరే పెట్టెలు కావాలి. కరెంటు పోతే సభ చెదరకుండా యూపీఎస్ కావాలి. చాలా యంత్రాలు 35, 40 డిగ్రీల వేడి దాకానే పనిచేయమని చెబుతాయి. మే నెలలో రాజమండ్రి ప్రాంతం ఆ గీత దాటుతుంది కాబట్టి గాలి ఆడని మూలలో యంత్రాన్ని బిగించకూడదు.

టీవీలు చవకయ్యాయి, పగలు కూడా కనిపిస్తాయి, అవే కొనండి అనే అభ్యంతరం బలమైనది. బడి తరగతి గదికి నేనూ టీవీయే అంటాను. ప్రభుత్వం బడుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, స్మార్ట్ టీవీలు పెట్టడం సరైన పనే. కానీ 43 అంగుళాల టీవీ ఎత్తు 54 సెంటీమీటర్లు. పటంలో గీతలు చూడాలంటే మూడుంబావు మీటర్ల లోపలే కూర్చోవాలి, పదిహేను మంది కంటే పట్టరు. అరవై మందికి కావలసినంత పెద్ద టీవీ ధర ఇంకా పంచాయతీ భరించేలా లేదు. సాయంత్రం పెట్టుకుంటే పరదాలే అక్కర్లేదు కదా అనే మాట కూడా వినిపిస్తుంది. సాయంత్రమైతే ఆడవాళ్లు రాలేరు. వంట, పశువులు, పిల్లలు అన్నీ ఆ వేళకే ఉంటాయి. ఉపాధి పనుల లెక్క చూడవలసినవారిలో సగానికి పైగా వాళ్లే. మధ్యాహ్నం మూడు గంటలకు సభ పెట్టాలంటే పగటిపూటే చీకటి చేయగల గది కావాలి. పరదాల ఖర్చు దేనికని అడిగేవారికి నేను మొదట చెప్పేది ఇదే.

చదువు రానివాళ్ల సంగతేమిటన్నదానికి జవాబు సామాజిక తనిఖీలోనే ఉంది. తెర మీద ఉన్న ప్రతి వరుసా బయటికి చదవాలి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో అభ్యంతరం. ఏం చూపించాలో అధికారి చేతిలోనే ఉంటే, చూపించదలచుకోనిది చీకట్లోనే ఉండిపోతుంది. రంగురంగుల గ్రాఫులు వేసి సభను ముగించడం కష్టం కాదు. అందుకే చూపించబోయే కాగితాలను వారం ముందే సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టాలి. సభలో ఎవరు లేచి ఏ సర్వే నంబరు అడిగినా, ఏ పని కొలత అడిగినా అది అప్పటికప్పుడు తెర మీదికి రావాలి. కంప్యూటరు దగ్గర కూర్చునేది వివరణ ఇవ్వవలసిన ఉద్యోగి కాకూడదు. ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలకూ, మహిళా సంఘాల్లో లెక్కలు రాసేవారికీ రెండు పూటలు నేర్పితే ఆ పని చక్కగా చేస్తారు. సభలో వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ అందరూ చూస్తుండగా ఆ తెర మీదే టైపు చేయాలి. తర్వాత మినిట్స్‌లో మాట మారకుండా ఇదొక్కటి చాలు.

కోరుకొండ మండలంలో ప్రతి పంచాయతీకీ ఒక్కో యంత్రం కొనమని నేను అనడం లేదు. మండల కేంద్రంలో ఒక గదిని ముందు సిద్ధం చేయాలి. ఖర్చు వరస పరదాలు, గోడ, కరెంటు బోర్డు, యూపీఎస్, స్పీకర్లు, చివరిగా యంత్రం అన్నట్టు ఉండాలి. అక్కడ పటాలను ఊరి వారీగా, ఊరిలోనూ చేల వారీగా, ఒక్కో పూట అరవై మందికి మించకుండా చూపించాలి. హద్దులు కలిసే రైతులందరినీ ఒకే పూటకు పిలవాలి. సర్వేయరు, వీఆర్వో ఇద్దరూ ఆ గదిలో ఉండాలి. కళవచర్ల కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరలోనే ఉంది కాబట్టి ఖాళీ పూటల్లో అక్కడి శాస్త్రవేత్తలు పంట తెగుళ్ల ఫొటోలు చూపించి రైతులతో మాట్లాడవచ్చు. రీసర్వే మీద మిగిలిన అర్జీల్లో హద్దు తగాదాలను విడదీసి మొదటి నెల వాటితోనే మొదలుపెట్టమని తహశీల్దారునూ, మండల పరిషత్తునూ కోరుతున్నాను.