మిట్ట ఎక్కే పడవ



మన అనంతపురం సీమలో పడవ ఎక్కినవాళ్లు తక్కువ. పెన్నలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. అందుకని ఈ నెల మనం ఫ్రాన్సు దేశం పోయి, పడవలోనే కాపురం పెట్టి, పల్లెల మధ్యగా ప్రయాణం చేద్దాం.

ఆ దేశానికి దక్షిణాన మిదీ కాలువ ఉంది. తులూజ్ నగరం నుంచి మధ్యధరా సముద్రతీరం దాకా దాని పొడవు సుమారు 240 కిలోమీటర్లు. పూర్వం దీని మీద సరుకు పడవలు నడిచేవి. ఇప్పుడు విహారానికి వచ్చినవాళ్ల పడవలు తిరుగుతున్నాయి. పడవలోనే వంటిల్లు, పడకలు! ఒడ్డున ద్రాక్షతోటలు, చెట్ల నీడలు. గంటకు 8 కిలోమీటర్లు మించి పోరాదు. గట్టు మీద సైకిలు తొక్కేవాడు మనల్ని దాటిపోతాడు.

అయితే దారిలో నొరూజ్ అనే మిట్ట వస్తుంది. అది సముద్రమట్టానికి 190 మీటర్ల ఎత్తు. పడవ మిట్ట ఎలా ఎక్కుతుంది?

అందుకే లాకులు కట్టారు. లాకు అంటే రెండు కొసలా తలుపులున్న పెద్ద రాతి తొట్టి. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు. పైకాలువ నీటిని తొట్టిలోకి వదులుతారు. నీటితోపాటు పడవా లేస్తుంది. రెండు మట్టాలూ సమం కాగానే ముందు తలుపు తెరుస్తారు. గోదావరి కాలువల మీదా ఇలాంటి లాకులున్నాయి. 1860లలో తవ్విన మన కర్నూలు-కడప కాలువ కూడా పొలాలకే గాక పడవలకూ ఉద్దేశించినదే.

కాని పడవ దాటినప్పుడల్లా తొట్టెడు నీరు పల్లానికి పోతుంది. మిట్ట నుంచి ఇటూ అటూ దిగిపోయే నీటికి బదులు నీరు ఎక్కడిది?

దారి కనిపెట్టినవాడు పియేర్ పోల్ రికే. అతను ఇంజనీరు కాడు, ఉప్పుపన్ను వసూలు చేసేవాడు. మిట్టకంటే ఎత్తున ఉన్న నల్లకొండల వాగులను మళ్లించి, సెం ఫెరెయోల్ దగ్గర లోయకు అడ్డంగా పెద్ద కట్ట వేయించాడు. 1672 నాటికి చెరువు సిద్ధమైంది. అక్కడి నీరు పిల్లకాలువ గుండా మిట్టకు చేరింది. వేలమంది కూలీలు పనిచేశారు. వారిలో ఎందరో స్త్రీలు. రికే తన ఆస్తంతా ఇందులోనే పెట్టాడు. కాలువ తెరిచింది 1681లో. అతను 1680లోనే కన్నుమూశాడు.

చూశారా! ముందు చెరువు, తరువాతే పడవ. వాన కురిసినప్పుడు నిలిపిన నీరే ఎండాకాలం పడవను మోస్తుంది. ఈ కిటుకు మన పెద్దలకు ఇంకా ముందే తెలుసు. అనంతపురం, బుక్కరాయసముద్రం నడుమ ఉన్న చెరువు 14వ శతాబ్దం నాటిది. రికే పుట్టడానికి రెండువందల ఏళ్లకు పైగా ముందన్నమాట! ఏడాదికి 55 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమలో చెరువులే ఊళ్లను నిలబెట్టాయి.

ఇక మీకొక పని. మీ ఊరి చెరువుకు నీరు ఏ వంక నుంచి వస్తుంది? ఆ వంకలో కంపచెట్లు అడ్డుపడ్డాయా? తూములు ఎన్ని? మరవ పారి ఎన్నేళ్లయింది? పెద్దలను వెంటబెట్టుకొని పోయి చూడండి. చూసింది నోటుపుస్తకంలో రాసి మీ పంతులుగారికి చూపించండి.