ఆ రాజీనామా యెవరిది?

పనివానిని తొలగించుట వేఱు, అతడు తానై తొలగుట వేఱు. ఈ భేదమును యజమానులు చక్కగ నెఱుగుదురు. మన కుటుంబములే యెఱుగవు.

'పని తగ్గినది, రాజీనామాపై సంతకము చేయుము' అని కార్యాలయమున ననగానే, ఇంటి పెద్దలు 'గొడవ యెందుకు నాయనా, పరువు దక్కించుకొమ్ము' అందురు. ఆ సంతకముతో దక్కునది పరువు కాదు, పోవునది హక్కు.

1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమున 1953లో చేర్చిన రక్షణలు, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతిలోను నిలిచియున్నవి. ఏడాది పనిచేసిన కార్మికుని—కూలివాడే కాదు, గుమాస్తాయు సాంకేతికోద్యోగియు కార్మికులే—మిగులని తీసివేయవలెనన్న, కారణము తెలుపు నెలనాళ్ల నోటీసైనను నెల వేతనమైనను ఈయవలెను. నిండిన యేటేటికి 15 దినముల సగటు వేతన మీయవలెను. సామాన్యముగ కడపట చేరినవాడే ముందు పోవలెను. ఏడాదిలో మరల మనుష్యులు కావలసిన, పోయినవానికే తొలి పిలుపు. స్వచ్ఛందముగ విరమించినవానికి ఇవి వర్తింపవు. సంతకమునకై యంత తొందర యిందుకే!

పని లేకున్నను జీతమీయవలెనా యందురా? అక్కఱలేదు. కాని నిన్న పనిలేదన్న కుర్చీలో నేడు వేఱొకడు కూర్చుండిన, అచట లేనిది పని కాదు, న్యాయము.

నావంటి బడిపంతులకు ఆ నీడ దక్కలేదు. ఉపాధ్యాయుడు 1947 చట్టము చెప్పు పనివాడు కాడని 1988లో సుప్రీంకోర్టు తీర్చినది. లేనివాడను గనుకనే చెప్పుచున్నాను: ఉన్నవారు చేజేతుల విడువరాదు.

చదువరులారా! మీ బిడ్డ యట్టి కాగితముతో నిల్లు చేరిననాడు పరువు మాట యెత్తకుడు. 'కారణము వ్రాసి యిమ్మనుము. అందాక సంతకము చేయకుము' అనుడు.