ఫోనులో వైద్యం సరే, వీధిలో భయం మాటేమిటి?

మన వాడ మీద దాడి జరిగితే లెక్కలు రాసుకుంటాం. ఎంతమంది చచ్చారు, ఎంతమందికి తలలు పగిలాయి, ఎన్ని ఇళ్ళు కాలాయి. పోలీసులూ అవే రాస్తారు, మన నిజనిర్ధారణ కమిటీలూ అవే రాస్తాయి. గడ్డివాము వెనక దాక్కుని అంతా చూసిన పద్నాలుగేళ్ళ పిల్లాడు ఏ లెక్కలోకీ రాడు. వాడి ఒంటి మీద గీత కూడా పడలేదు మరి! ఆర్నెల్లు తిరిగేసరికి వాడు బడి మానేస్తాడు. రాత్రిళ్ళు కేకలు పెట్టి లేస్తాడు. మోటారు సైకిలు చప్పుడైతే వణికిపోతాడు. ఉన్నట్టుండి తల్లి మీద విరుచుకుపడతాడు. ఇంట్లోవాళ్ళు జడుసుకున్నాడని తాయెత్తు కట్టిస్తారు. బడిలో పంతులు మొద్దు అంటాడు. అంతటితో ఆ పిల్లాడి కథ ముగిసిపోతుంది.

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు పీటీఎస్‌డీ. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకూ, అఘాయిత్యానికి గురైనవాళ్ళకూ, అది కళ్ళారా చూసినవాళ్ళకూ వచ్చే జబ్బు ఇది. జరిగిపోయింది మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందు జరుగుతున్నట్టే ఉంటుంది. ఆ చోటు, ఆ మనుషులు, ఆ మాట, అన్నిటినీ తప్పించుకు తిరగాలనిపిస్తుంది. నిద్ర పట్టదు, చదువు తలకెక్కదు. నెల దాటినా ఇది తగ్గకపోతే జబ్బు కిందే లెక్క. అమెరికా మానసిక వైద్యులు 1980లో దీన్ని తమ జబ్బుల జాబితాలోకి ఎక్కించారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థ చూసి ఎక్కించారు. తుపాకీ పట్టిన సైనికుడికి వచ్చే జబ్బు, చేతిలో పలకా బలపం తప్ప ఏమీ లేని కూలివాడి బిడ్డకు రాదా?

ఇప్పుడు ఈ వైద్యం ఫోనులోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే సేవ మొదలుపెట్టింది. 14416 నంబరుకు ఎవరైనా, ఏ వేళలోనైనా డబ్బు లేకుండా ఫోను చెయ్యొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ దీనికి పెద్దదిక్కు. ముందు సలహాదారు మాట్లాడతాడు, అవసరమైతే డాక్టరు దగ్గరికి దారి చూపిస్తాడు. ఇదే మొత్తం వైద్యం కాదు, వైద్యానికి గడప మాత్రమే. మొత్తం వైద్యాన్ని ఇంటర్నెట్ ద్వారా చేయడం మీద పరిశోధనలూ జరిగాయి. బ్రిటన్‌లో 196 మంది మీద జరిపిన ఒక పరిశోధన 2022లో అచ్చయింది. సగం మందిని ఎదురుగా కూర్చోబెట్టి వైద్యం చేశారు. మిగతా సగం మందికి ఇంటర్నెట్ ద్వారా, డాక్టరు మధ్యమధ్య పలకరిస్తూ చేశారు. 16 వారాల తర్వాత చూస్తే రెండోది మొదటిదానికి తీసిపోలేదు. అయితే వాళ్ళంతా పెద్దవాళ్ళు, ఒక్క దుర్ఘటన వల్ల జబ్బు పడ్డవాళ్ళు. కుర్రకారు మీద జరిగిన పరిశోధనలు ఇంతకంటే తక్కువ.

మనలో కొందరు దీన్ని కొట్టిపారేస్తారు. "ఫోనులో మాట్లాడితే పోయినవాళ్ళు తిరిగొస్తారా? ఇదంతా పోరాటాన్ని పక్కదారి పట్టించడానికే" అంటారు. ఈ మాట సరైంది కాదు. కాలు విరిగిన కార్యకర్తను ఆస్పత్రికి తీసుకుపోతే పోరాటం పక్కదారి పట్టిందా? మనసు విరిగిన పిల్లాడి విషయమూ అంతే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఏం చెప్పింది? మానసిక జబ్బులున్న వాళ్ళలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని చెప్పింది. మనసు డాక్టరు ఉండేది పట్నంలో. అక్కడికి పోవాలంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలీ పోవడం, పైగా పిచ్చాసుపత్రికి పోయాడన్న పేరు. ఫోను ఈ మూడింటినీ తప్పిస్తుందంటే మనం ఎందుకు కాదనాలి?

కానీ ఈ వైద్యం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. జరిగినదాన్ని పిల్లాడి చేత కొంచెం కొంచెంగా చెప్పిస్తారు, రాయిస్తారు. తర్వాత, ఏ చోటికి పోవడానికి జంకుతున్నాడో ఆ చోటికి మెల్లగా పొమ్మంటారు. "ప్రమాదం అయిపోయింది, భయం మాత్రం నీ మనసులో మిగిలిపోయింది, పోయి చూస్తే నీకే తెలుస్తుంది" అంటారు. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న కుర్రాడికి ఇది బాగా పనిచేస్తుంది. లారీ వాడికోసం కాచుకుని కూర్చోదు కదా!

మన పిల్లాడి సంగతి వేరు. వాడి తండ్రిని నరికినవాడు బెయిలు మీద వచ్చి రచ్చబండ మీద కూర్చుని మీసం దువ్వుతుంటాడు. బడికి పోయే దారి వాడి ఇంటి ముందు నుంచే. వాడి తమ్ముడే రేషన్ డీలరు, వాడి బావే సర్పంచి. పిల్లాడు ఆ వీధిలోకి పోను అంటే అది జబ్బా, తెలివా? ఇది తెలియని సలహాదారు ఎక్కడో గదిలో కూర్చుని "ధైర్యంగా ఆ వీధిలోకి వెళ్ళు నాన్నా" అంటే, అది వైద్యం కాదు, పిల్లాణ్ణి మళ్ళీ గొడ్డలి కిందికి తోయడం. అందుకే మన పిల్లలకు వైద్యం చేసేవాడు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ప్రమాదం నిజంగా అయిపోయిందా?" లేదంటే ముందు రక్షణ కావాలి. భయాన్ని పోగొట్టే మందు భయపెట్టేవాడు అక్కడ లేనప్పుడే పనిచేస్తుంది.

రక్షణ ఎవరి దయా కాదు, చట్టంలో ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేసి 15ఎ సెక్షన్ చేర్చారు. బాధితులకూ సాక్షులకూ రక్షణ, ప్రయాణ ఖర్చులు, పునరావాసం, అవసరమైతే మరోచోటికి తరలింపు అందులో ఉన్నాయి. ముద్దాయి బెయిలు అడిగితే బాధితుల మాట కూడా వినాలని ఉంది. వైద్య సహాయం అన్న మాటా ఉంది. వైద్యమంటే కట్టు కట్టడమేనా? అందులో మనసు వైద్యం కూడా కలిసే ఉందని మనం అడగాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ మానసిక వైద్యం ప్రతి ఒక్కరి హక్కు. కులాన్ని బట్టి వివక్ష చూపకూడదని ఆ చట్టం పేరు పెట్టి మరీ చెప్పింది. రోగి చెప్పిన సంగతులు బయటపెట్టకూడదనీ చెప్పింది.

ఊళ్ళో ఇంకో పుకారు పుట్టిస్తారు. "మనసు డాక్టరు దగ్గరికి పోతే కోర్టులో నీ సాక్ష్యం చెల్లదు, పిచ్చివాడివంటారు" అని బెదిరిస్తారు. నమ్మొద్దు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య చట్టం 124వ సెక్షన్, అంతకు ముందున్న పాత చట్టం, రెండూ ఒకటే చెబుతున్నాయి. అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని సమాధానం చెప్పగలిగితే చాలు, మానసిక జబ్బు ఉన్నా సాక్ష్యం చెప్పొచ్చు.

ఫోను అన్నాక ఇంకో ప్రశ్న ఉంది. ఎవరి ఫోను? ఒకే గది ఉన్న ఇంట్లో, అన్న చేతిలో ఉన్న ఒక్క ఫోనులో, అత్యాచారానికి గురైన ఆడపిల్ల తన బాధ ఎట్లా చెప్పుకుంటుంది? అమ్మ వింటుంది, పక్కింటివాళ్ళు వింటారు. కాబట్టి తలుపు వేసుకోడానికి ఒక గది కావాలి. మన సంఘం ఆఫీసులోనో, అంబేద్కర్ భవనంలోనో వారానికి ఒక గంట ఆ గది ఖాళీ చేసి ఇవ్వలేమా? తోడుకు ఒక ఆడమనిషి బయట కూర్చోలేదా?

మనవాళ్ళు ఈ గాయాన్ని ఇంతకుముందు ఎట్లా మోశారో గుర్తు చేసుకోవాలి. 1985 జులై 17న కారంచేడు దాడి తర్వాత బతికినవాళ్ళు చీరాలకు తరలివచ్చి శిబిరంలో కలిసి ఉన్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపితే, కోర్టు తమ ఊరికే రావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. ఒంటరిగా ఏడవలేదు, పదిమందిలో నిలబడ్డారు. అది చాలా పెద్ద బలం. కానీ తీర్పు రావడానికి 2007 జులై 31 దాకా పట్టింది. 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. దాడి నాటికి పదిహేనేళ్ళున్న పిల్లాడికి అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. అన్నేళ్ళ పాటు కోర్టు వాయిదాలు వాడి పుండును రేపుతూనే ఉంటే, ఏ ఫోను మాన్పుతుంది?

కాబట్టి మన డిమాండ్లు ఇవి. దాడి జరిగిన ప్రతి వాడకూ కలెక్టరుతో పాటు మనసు డాక్టరు కూడా రావాలి. పిల్లలను చూడకుండా నష్టం లెక్క ముగించకూడదు. 14416లో మాట్లాడేవాళ్ళకు కులమంటే ఏమిటో, అత్యాచారాల చట్టమంటే ఏమిటో నేర్పాలి. మన వాడల్లో చదువుకున్న ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఈ పనిలో శిక్షణ, జీతం ఇవ్వాలి. డాక్టరు చదువు లేని మామూలు మనుషులకు శిక్షణ ఇస్తే కుంగిపోయినవాళ్ళకు సలహా వైద్యం చేయగలరని గోవాలో జరిగిన పరిశోధన 2017లో రుజువు చేసింది.

కార్యకర్తలు చేయాల్సింది కూడా ఉంది. ఇకపై నిజనిర్ధారణకు పోయినప్పుడు దెబ్బలు తగిలినవాళ్ళ పేర్ల కింద, చూసిన పిల్లల పేర్లు కూడా రాయండి. ఆ కాగితం పత్రికలకు ఇవ్వొద్దు, మీ దగ్గరే దాచండి. నెల తర్వాత మళ్ళీ ఆ ఇళ్ళకు పొండి. "నిద్ర పడుతుందా, బడికి పోతున్నావా" అని అడగండి. జరిగింది చెప్పమని బలవంతం చెయ్యొద్దు. పోవడం లేదంటే ఫోను కలిపి ఇవ్వండి, గది చూపించండి, పక్కన ఉండండి. అదే రోజు ఆ వీధిలో పోలీసు పికెట్ ఉందో లేదో కూడా చూసి రండి.