పంచాయతీ గోడ దాటని ఇంటర్నెట్

దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేయాలని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో నిర్ణయించింది. ముందుగా పరీక్షించి చూడటానికి ఎంచుకున్న మూడు చోట్లలో ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి విశాఖ జిల్లా పరవాడ ఒకటి. 2015లో ఆ పథకానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. ఇన్నేళ్ల తర్వాత మన కర్ణాటకలో బాగేపల్లి తాలూకా మిట్టేమరి లాంటి ఊళ్లో అడగాల్సిన ప్రశ్న ఒకటే. పంచాయతీ ఆఫీసు గోడ దాటి ఆ కేబులు ఎన్ని ఇళ్లకు వెళ్లింది?

మొదటి దశలో కేబులు పంచాయతీ దాకా వేసి, అక్కడ ఒక పెట్టె బిగించారు. అక్కడి నుంచి బడికి, ఆస్పత్రికి, ఇళ్లకు ఎవరు తీసుకెళ్లాలో గట్టిగా తేల్చలేదు. చెరువుకు తూము పెట్టి పిల్లకాలువలు మరిచిపోయినట్టుంది ఆ పని. పైగా చాలాచోట్ల ఒకే వరసగా వేసిన లైను. రోడ్డు పనిలో ఒకచోట జేసీబీ తగిలితే దాని అవతలున్న పంచాయతీలన్నీ మూగబోతాయి. ఈ తప్పు ఢిల్లీకి తెలిసింది. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన పథకంలో, ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి నడిచేలా వలయంగా వేయాలన్నారు. ఇళ్లకు కనెక్షన్లిచ్చే పని రాబడిలో వాటాతో స్థానికులకే అప్పగించాలన్నారు. ఆ స్థానికుడు మిట్టేమరి కుర్రాడే ఎందుకు కాకూడదు?

సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కేబులును కరెంటు స్తంభాల మీదుగా లాగింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను ఇస్తామన్నారు. ధర పల్లెకు అందేలా ఉండాలని గుర్తించడమే అందులో నాకు నచ్చిన సంగతి.

‘ఫోన్లో నెట్ ఉంది కదా, ఇంకెందుకు?’ అంటారు. ఒక రీచార్జి డేటాను ఇంటిల్లిపాదీ పంచుకుంటే అది అవసరాలకు చాలదు. అన్న వీడియో పాఠం వింటుంటే చెల్లెలి పాఠం ఆగిపోతుంది. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్ ధర, చింతామణి టమోటా ధర బండి ఎక్కించకముందే తెలియాలంటే రైతు ఇంట్లో నమ్మకమైన లైను ఉండాలి. కర్ణాటక 2000 సంవత్సరంలోనే ‘భూమి’ పథకంతో పహాణీలను కంప్యూటరెక్కించి దేశానికి దారి చూపింది. అలాంటి రాష్ట్రంలో రైతు ఒక్క కాగితం కోసం ఇంకా బస్సెక్కాలా?

అయితే కేబులొక్కటే చాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పల్లెల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు దాదాపు సగం మంది. ఆడవాళ్లు నాలుగో వంతే. డిజిటల్ అక్షరాస్యత కోసం కేంద్రం 2017లో తెచ్చిన శిక్షణ పథకం ఇంటికి ఒక్కరికే అంది. ఆ ఒక్కరూ కొడుకైతే తల్లి సంగతేంటి? కర్ణాటక ప్రభుత్వ గృహలక్ష్మి పథకం కింద నెలకు రెండు వేలు పడేది తల్లి ఖాతాలో. ఆ డబ్బు మీద కన్నేసి ఓటీపీ అడిగే దొంగ ఫోను చేసేదీ ఆమెకే.

మిట్టేమరి ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివేది కన్నడం, ఫోన్లో చాలా మెసేజ్‌లు వచ్చేది ఇంగ్లీషులో. కన్నడ అక్షరాలు కూడా రాని పెద్దావిడకు జాగ్రత్తలు రాసిన కరపత్రం పంచి ఏం లాభం? పక్కన కూర్చుని ఆమె మాటలోనే చెప్పే మనిషి కావాలి. ఊళ్లోని స్త్రీశక్తి స్వయం సహాయక సంఘంలో ఫోను బాగా తెలిసిన అమ్మాయికి ఆ పని అప్పగించి, జీతం ఇవ్వాలి. ఊరికే చెయ్యమనడం న్యాయం కాదు.

ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు పంచాయతీలో ఫైబర్ లైను ఇవాళ పనిచేస్తోందా అని అడగండి. బడికీ ఆస్పత్రికీ కనెక్షన్ ఎప్పుడిస్తారో అడిగి, జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దనీ, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలనీ ఇవాళే చెప్పండి.