మాస్కు మీద ‘ఎన్‌95’ అని అచ్చేస్తే సరిపోతుందా?

కృష్ణపట్నం పోర్టు బొగ్గు రైళ్లు వెంకటాచలం మీదుగా కదులుతుంటాయి. కాస్త అవతల సైదాపురంలో తెల్లరాయి గనులు. ఆ దుమ్ములో పనిచేసేవాళ్లు ‘ఎన్‌95’ అన్న అచ్చు చూసి మాస్కు కొనేస్తున్నారంటే అది నమ్మకమే తప్ప భరోసా కాదు.

ఎన్‌95 అమెరికా సంస్థ నియోష్ ఇచ్చే ఆమోదం. భారత్‌లో దుమ్ము మాస్కుల ప్రమాణం ఐఎస్ 9473. ఇందులో ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం కనీసం 94 శాతం సన్నటి రేణువుల్ని ఆపాలి.

తయారీదారు బీఐఎస్‌కు దరఖాస్తు చేస్తే అధికారులు ఫ్యాక్టరీకి వచ్చి యంత్రాలు, అక్కడి టెస్టింగ్ ఏర్పాట్లు చూస్తారు. వడపోత ఎంత, ఊపిరి పీల్చడం ఎంత కష్టం, అంచుల్లోంచి గాలి ఎంత లీకవుతోంది అన్నది ల్యాబ్‌లో తేలుస్తారు. పాసైతేనే లైసెన్సు. అదీ శాశ్వతం కాదు, రెన్యువల్ చేయించుకోవాలి. మధ్యలో బజారు నుంచి కూడా శాంపిళ్లు తీసుకెళ్తారు. చిన్న యూనిట్లకు ఈ ఖర్చు బరువే. అయినా 2020 కరోనా రోజుల్లో వీధివీధినా అమ్మిన ‘ఎన్‌95’లు గుర్తుంటే ఈ తతంగాన్ని దండగ అనలేం.

ఐఎస్‌ఐ మార్కు కింద ఉండే సీఎం/ఎల్ నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, అమల్లో ఉందో లేదో తెలుస్తుంది.

ముస్లిం ఇళ్లలో అడగాల్సిన మాట ఇంకొకటుంది: గడ్డం. అంచు చర్మానికి ఆనకపోతే సర్టిఫికెట్ ఉన్న మాస్కులోకీ దుమ్ము దూరుతుంది. గడ్డం ఉన్నవాళ్లకు తలంతా కప్పి, మోటారుతో శుద్ధి చేసిన గాలి పంపే హుడ్ రకాలున్నాయి. ఖరీదెక్కువే. గనుల్లో ఆ ఖర్చు పెట్టుకోవాల్సింది యజమాని, కూలీ కాదు.